ఇంట్లో పనా, ఆఫీసులో పనా, రెండూ కలిపా? ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

ఇంటి నుంచి పని చేయడంలో ఉన్న సుఖం మొదటి రోజే తెలుస్తుంది. ప్రయాణం ఉండదు, ట్రాఫిక్ ఉండదు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చొచ్చు. కష్టం మాత్రం తీరిగ్గా వస్తుంది. రెండు మూడు వారాలకు మెడ పట్టేస్తుంది. రెండు నెలలకు పని ఎప్పుడు మొదలవుతోందో, ఎప్పుడు ముగుస్తోందో తెలియకుండా పోతుంది. ఆరు నెలలకు ఆఫీసు సంగతులు చెవిన పడడం తగ్గుతుంది. ఏడాది తిరిగి ప్రమోషన్ల సమయం వచ్చేసరికి దాని ఫలితం తెలిసొస్తుంది. ఆఫీసు లెక్క దీనికి తలకిందులు. అక్కడ కష్టం రోజూ కళ్లెదుటే ఉంటుంది, లాభం నెలల తరబడి పోగుపడితే తప్ప కనిపించదు.

అందుకే వారం రోజులు ఇంట్లో కూర్చుని చూసి "ఇదే బాగుంది" అని తేల్చేయడం తొందరపాటు. నెల రోజులు బస్సుల్లో నలిగి "ఆఫీసు శుద్ధ దండగ" అనుకోవడమూ అంతే. ఇక్కడ పోలుస్తున్నవి ప్రధానంగా మూడు పద్ధతులు: పూర్తిగా ఇల్లు, పూర్తిగా ఆఫీసు, వారంలో కొన్ని రోజులు ఇటు కొన్ని రోజులు అటు ఉండే హైబ్రిడ్. మూడింటిలో ఏదీ అందరికీ మంచిది కాదు. మీ పని ఎలాంటిది, మీ ఇల్లు ఎలాంటిది, ఉద్యోగంలో మీరు ఏ దశలో ఉన్నారు అన్న మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

పని ఎక్కువ జరిగేది ఎక్కడ?

ఈ ప్రశ్న మీద బాగా జరిగిన ప్రయోగాలు కొన్ని ఉన్నాయి. వాటి ఫలితాలు ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తాయి గానీ, వివరాల్లోకి వెళితే దారి దొరుకుతుంది.

చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ సంస్థ కాల్ సెంటర్‌లో 2010 చివర్లో స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ముందుకొచ్చినవాళ్లలో అర్హులైన సుమారు 250 మందిని పుట్టిన తేదీ సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టు 9 నెలల పాటు వారానికి 4 రోజులు ఇంటి నుంచి పని చేసింది. పని 13 శాతం పెరిగింది. అందులో 9 శాతం విరామాలు, సెలవులు తగ్గి ఎక్కువ నిమిషాలు పని చేయడం వల్ల, మిగతా 4 శాతం నిమిషానికి ఎక్కువ కాల్స్ తీసుకోవడం వల్ల. ఉద్యోగం మానేసేవాళ్లు సగానికి తగ్గారు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియాల్సిన మిగతా సగం ఇది. ఆ ప్రయోగంలో చేరాలంటే ఇంట్లో పనికి విడిగా గది ఉండాలి, బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, సంస్థలో కనీసం 6 నెలల అనుభవం ఉండాలి. ఈ మూడు షరతులూ లేకుండా 13 శాతం కోసం ఆశపడడం అనవసరం. పనితీరు సమానంగా ఉన్నా ఇంటి నుంచి చేసినవాళ్లకు ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. ప్రయోగం ముగిశాక "ఇప్పుడు మీ ఇష్టం" అంటే, పాల్గొన్నవాళ్లలో సగానికి పైగా తమ పాత ఎంపికను మార్చుకున్నారు. ఇంట్లో ఒంటరితనం తట్టుకోలేక ఆఫీసుకు తిరిగొచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. స్వయంగా చూసి ఎంచుకున్నాక లాభం 13 నుంచి 22 శాతానికి చేరింది.

దీనికి పూర్తి వ్యతిరేకంగా, 2020లో ఆసియాలోని ఒక పెద్ద ఐటీ సేవల సంస్థలో 10 వేల మందికి పైగా నిపుణుల పనిని పరిశీలిస్తే గంటలు పెరిగాయి, గంటకు జరిగే పని 8 నుంచి 19 శాతం దాకా తగ్గింది. సమన్వయం కోసం పెట్టుకునే మీటింగులు పెరిగి, ఏకబిగిన కూర్చుని చేసుకునే సమయం తగ్గడమే ఇందులో ముఖ్యమైన మార్పు. పిల్లలున్నవాళ్ల మీద భారం ఎక్కువ పడింది.

తేడా ఎక్కడుందో చూడండి. కాల్ సెంటర్‌లో ఒకరి పని ఇంకొకరి మీద ఆధారపడదు, ఎంత జరిగిందో మెషీనే లెక్కబెడుతుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఒకరు ఆగితే నలుగురు ఆగుతారు. కాబట్టి "ఇంట్లో పని జరుగుతుందా" అన్నది అసలు ప్రశ్నే కాదు. "నా పని పక్కవాళ్ల మీద ఎంత ఆధారపడి ఉంది" అన్నదే ప్రశ్న.

హైబ్రిడ్ విషయానికొస్తే, ముందు చెప్పిన సీట్రిప్ సంస్థే ట్రిప్.కామ్‌గా పేరు మారాక 1,612 మంది ఉద్యోగులతో మళ్లీ ప్రయోగం చేసింది. 2024లో ఆ ఫలితాలు వచ్చాయి. వారానికి 2 రోజులు ఇంటి నుంచి చేసినవాళ్లలో రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. రెండేళ్ల వరకూ చూసినా పనితీరు మదింపులో గానీ ప్రమోషన్లలో గానీ తేడా కనపడలేదు. ప్రమోషన్ నష్టం లేకుండా ఇంటి సుఖం కొంత దొరకాలనుకునేవాళ్లకు ఇది గట్టి ఆధారం.

మీ పనిని వారం రోజులు కొలవండి

మామూలుగా గడిచే ఒక వారాన్ని ఎంచుకోండి. పండగలు, రిలీజులు, ఆడిట్లు ఉన్న వారం పనికిరాదు. ప్రతి గంట చివర ఒక అక్షరం రాసుకోండి. ఒంటరిగా చేసుకున్న పనికి "ఒ", మెసేజ్‌తో గానీ మెయిల్‌తో గానీ తేలిపోయిన పనికి "రా", అప్పటికప్పుడు మనిషితో మాట్లాడితే తప్ప కదలని పనికి "మా", యంత్రం, కాగితం, శాంపిల్ లాంటిది చేత్తో తాకాల్సిన పనికి "వ". వారం చివర కూడండి.

"ఒ", "రా" కలిపి మూడింట రెండు వంతులు దాటితే పూర్తిగా ఇల్లు నడుస్తుంది. "మా" మూడో వంతు దాటితే హైబ్రిడ్ వైపు మొగ్గండి. "వ" గంటలు ఎన్ని ఉంటే అన్ని ఆఫీసులోనే, దానికి చర్చ అక్కర్లేదు. వాటిని రోజుకు కాస్త చొప్పున చల్లకుండా ఒకటి రెండు రోజులకు చేర్చగలిగితే మిగతా రోజులు ఖాళీ అవుతాయి. ఇవి కొండగుర్తులు మాత్రమే, కానీ "నాకు ఇంట్లో బాగుంటుంది" అన్న ఊహ కంటే నమ్మకమైనవి.

ఇంకో సంఖ్య కూడా చూడండి: ఎవరూ కదిలించకుండా వరసగా రెండు గంటలు దొరికిన సందర్భాలు వారంలో ఎన్ని? ఆఫీసులో ఒక్కటీ దొరక్క, ఇంట్లో నాలుగైదు దొరుకుతాయంటే రాత, కోడింగ్, డిజైన్, లెక్కల పనికి ఇల్లు నిజంగా ఉపయోగపడుతున్నట్టే. రెండు చోట్లా దొరకడం లేదంటే తప్పు చోటుది కాదు, క్యాలెండర్‌ది. చోటు మారితే అది మారదు.

మిగిలిన సమయం ఎక్కడికి పోతుంది?

వెళ్లడానికి 45 నిమిషాలు, రావడానికి 45 నిమిషాలు అనుకుందాం. నెలకు 22 పని దినాలకు అది 33 గంటలు. నాలుగు పూర్తి పని దినాల కంటే ఎక్కువ. ఇంటి నుంచి పనికి ఉన్న లాభాల్లో ఇంత స్పష్టమైనది ఇంకోటి లేదు. దూరం ఎక్కువైనకొద్దీ మిగతా వాదనలన్నీ బలహీనపడతాయి. 15 నిమిషాల దూరంలో ఆఫీసు ఉన్నవాళ్లు మాత్రం ఈ ఒక్క కారణంతో ఇల్లు ఎంచుకోనక్కర్లేదు.

అయితే ఆ 33 గంటలు మీకు మిగులుతాయన్న హామీ లేదు. ప్రయాణానికి ఒక పని ఉండేది, దాన్ని మనం గుర్తించలేదు: పనిని ముగించడం. "బస్సు వెళ్లిపోతుంది", "చీకటి పడుతోంది" అన్న మాటలతో రోజు తెగేది. ఇంట్లో ఆ తెంపే కత్తెర లేదు. ల్యాప్‌టాప్ టేబుల్ మీదే ఉంటుంది, భోజనం చేసి మళ్లీ కూర్చుంటాం. చాట్‌లో పేరు పక్కన పచ్చ చుక్క ఆరిపోతే "పని చేయట్లేదేమో" అనుకుంటారన్న బెరుకు కూడా తోడవుతుంది. ఇలా పెరిగిన గంటలు ఎక్కడా లెక్కకు రావు.

దీనికి మనసు గట్టి చేసుకోవడం పనిచేయదు, అలవాటు కావాలి. ముగించే సమయానికి పది నిమిషాల ముందు అలారం పెట్టుకోండి. ఆ పది నిమిషాల్లో రేపు పొద్దున మొదట చేయాల్సిన పనిని మూడు వాక్యాల్లో రాయండి, ఏ ఫైల్, ఏ చోట ఆగింది, తర్వాత ఏం చేయాలి అన్నంత వివరంగా. సగంలో ఆగిన పని తలలో తిరగకుండా ఆపేది ఇదే. తర్వాత చాట్ నుంచి లాగౌట్ అయి, ల్యాప్‌టాప్ మూసి, బ్యాగులోనో సొరుగులోనో పెట్టేయండి. టేబుల్ మీద వదిలితే మళ్లీ తెరుస్తారు. ఫోన్‌లో ఆఫీసు యాప్‌లు ఆండ్రాయిడ్ వర్క్ ప్రొఫైల్‌లో (ఆఫీసు యాప్‌లను సొంత యాప్‌ల నుంచి వేరుగా ఉంచే అర) ఉంటే దాన్ని ఒక్క నొక్కుతో ఆపేయొచ్చు, ఐఫోన్‌లో అయితే ఫోకస్ సెట్టింగ్‌కు సమయం నిర్ణయించి పెట్టండి. ఆఖరుగా పదిహేను నిమిషాలు బయట నడవండి. పోయిన ప్రయాణంలో మనకు కావలసిన ముక్క అదొక్కటే.

పని వేళలు దాటాక ఉద్యోగిని కదిలించకూడదన్న ఆలోచన కొన్ని దేశాల్లో చట్టమైంది. 2017 జనవరి నుంచి ఫ్రాన్స్‌లో 50 మంది, ఆ పైన ఉన్న సంస్థలు దీని మీద ఉద్యోగులతో చర్చలు జరపాలి. 2021లో పోర్చుగల్, 2024 ఆగస్టు నుంచి ఆస్ట్రేలియా కూడా ఇలాంటి నియమాలు తెచ్చుకున్నాయి. అలాంటి చట్టం లేని చోట జట్టులో మాట్లాడుకుని ఒక వేళ పెట్టుకోవడమే దారి.

కుర్చీ, బల్ల, తెర: ఆఫీసు ఊరికే ఇచ్చినవి

ఆఫీసులో చాలామంది గుర్తించని సదుపాయం కుర్చీ. ఇంటికి మారగానే మొదట పోయేది అదే. డైనింగ్ టేబుల్, సోఫా, మంచం, ఈ మూడింటి మీదా గంట సేపు బాగానే ఉంటుంది, ఎనిమిది గంటలు ఎవరూ కూర్చోలేరు.

అసలు దోషి ల్యాప్‌టాప్. దాని తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకు తగ్గ ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కళ్లకు తగ్గ ఎత్తులో పెడితే భుజాలు పైకి లేస్తాయి. ఎంత ఖరీదైన కుర్చీ కొన్నా ఈ చిక్కు తీరదు. తీరేది విడి కీబోర్డు, విడి మౌస్‌తో. ల్యాప్‌టాప్ కింద స్టాండ్ గానీ లావుపాటి పుస్తకాలు గానీ పెట్టి, తెర పై అంచు కంటి మట్టానికి వచ్చేదాకా లేపండి. సాధారణంగా 15 నుంచి 20 సెంటీమీటర్లు సరిపోతుంది. తెర దూరం చేయి చాపితే వేళ్లు తగిలేంత. దగ్గరి చూపు కూడా కలిసిన ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లు తెరను కొంచెం కిందికే ఉంచుకోవాలి, లేకపోతే గడ్డం ఎత్తి చూడాల్సి వచ్చి మెడ వెనక పట్టేస్తుంది.

సర్దుకునే క్రమం ముఖ్యం. చాలామంది తెర నుంచి మొదలుపెట్టి తికమక పడతారు. ముందు కీబోర్డు మీద చేతులు పెడితే మోచేయి దాదాపు 90 డిగ్రీల్లో ఉండి భుజాలు వదులుగా వేలాడేంత ఎత్తుకు కుర్చీని తెచ్చుకోండి. అప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనకపోతే కింద పీట వేయండి. తెర చివరిది. డైనింగ్ టేబుల్ ఎత్తు మామూలుగా 75 సెంటీమీటర్లు. పొట్టిగా ఉన్నవాళ్లకు అది టైపింగ్‌కు 10 సెంటీమీటర్ల దాకా ఎక్కువ. కుర్చీ మీద మెత్త, కాళ్ల కింద పీట, ఈ రెండూ కలిపి వేస్తేనే ఆ తేడా సరిపోతుంది. మెత్త ఒక్కటే వేస్తే కాళ్లు వేలాడి తొడల కింద తిమ్మిరెక్కుతుంది.

నొప్పి ఎక్కడుందో చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది. మెడ వెనక కింది భాగంలో నొప్పి అంటే తెర కిందికి ఉంది. భుజాల పైన, మెడ పక్కన బిగుసుకుంటే బల్ల ఎత్తు ఎక్కువ. ఒక్క కుడి భుజమే నొస్తే మౌస్ దూరంగా ఉంది, కీబోర్డుకు ఆనించి పెట్టండి. మణికట్టు నొప్పి బల్ల అంచు ఒత్తుకోవడం వల్ల గానీ, కీబోర్డు వెనక కాళ్లు లేపి ఉంచడం వల్ల గానీ వస్తుంది, ఆ కాళ్లు మడిచేయండి. నడుము నొప్పికి వీపు కింది వంపులో చుట్టిన తువ్వాలు పెట్టి చూడండి, అరగంటకోసారి లేవండి. నొప్పి వేళ్లలోకి తిమ్మిరిగా దిగుతున్నా, రెండు వారాల్లో తగ్గకపోయినా డాక్టరుకు చూపించుకోవాలి.

వెలుతురు సంగతి త్వరగా తేలిపోతుంది: కిటికీ పక్కన ఉండాలి. వెనక ఉంటే తెర మీద మెరుస్తుంది, వీడియో కాల్‌లో మీ మొహం నల్లగా పడుతుంది. ఎదురుగా ఉంటే కళ్లు అలిసిపోతాయి. ఇరవై నిమిషాలకోసారి, ఇరవై అడుగుల అవతల ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడడం కళ్ల డాక్టర్లు తరచూ చెప్పే సలహా.

నెట్, కరెంటు

"వంద ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది, అయినా గొంతు తెగిపోతోంది" అన్నది ఇంటి నుంచి పని చేసేవాళ్ల నిత్య ఫిర్యాదు. నాణ్యమైన వీడియో మీటింగుకు రెండు వైపులా 3, 4 ఎంబీపీఎస్ చాలు. కాబట్టి వేగం కొనడం మందు కాదు. లోపం ఎక్కడో ముందు తెలుసుకోవాలి.

కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మీ రౌటర్ చిరునామాకు ఆగకుండా నడిచే పింగ్ (ping -t, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగొస్తోందో చూపే ఆదేశం) పెట్టండి, ఇంకో విండోలో బయటి చిరునామా ఒకదానికి పెట్టండి. మీటింగ్ నడుస్తుండగా రెండింటినీ చూడండి. రౌటర్‌కే 5 మిల్లీసెకన్ల నుంచి ఒక్కసారిగా 100, 200కు ఎగబాకుతోందంటే తప్పు వైఫైది. రౌటర్ నిలకడగా ఉండి బయటిది ఎగబాకుతోందంటే కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గరో, మీ ఇంట్లోనే ఎవరో ఏదో అప్‌లోడ్ చేస్తుండటమో కారణం. రెండోదే చాలాసార్లు నిజం. ఫోన్ ఫోటోలను క్లౌడ్‌కు పంపుతుంటే అప్‌లోడ్ దారి నిండిపోయి మీ గొంతు క్యూలో నిలబడుతుంది. బ్యాకప్‌ను రాత్రికి మార్చితే సమస్య పోతుంది.

వైఫైది తప్పయితే మొదటి మందు లాన్ కేబుల్. అది కుదరకపోతే 2.4 గిగాహెర్ట్జ్ నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు మారండి, కాకపోతే అది గోడలు దాటడంలో బలహీనం, రౌటర్ అదే గదిలో ఉంటేనే ఫలితం. మీటింగ్ మధ్యలో తెగితే ముందు వీడియో ఆపండి, అప్పటికీ కాకపోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారండి. ఆ హాట్‌స్పాట్‌ను అవసరం రాకముందే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసి ఉంచుకోవాలి.

కరెంటు పోయే చోట ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నా రౌటర్ ఆరిపోతే పని ఆగిపోతుంది. చాలా రౌటర్లు 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తాయి, వాటికి సరిపోయే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసుకుని కొనండి. ఫైబర్ కనెక్షన్‌కు గోడకు బిగించిన ఓఎన్‌టీ పెట్టె (ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె) విడిగా ఉంటే దానికీ సరఫరా ఇవ్వాలి. ఇది మర్చిపోయి "యూపీఎస్ ఉన్నా నెట్ రావట్లేదు" అని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఖర్చుకు భయపడాల్సింది ల్యాప్‌టాప్ వల్ల కాదు. 60 వాట్ల ల్యాప్‌టాప్ 8 గంటలకు తినేది అర యూనిట్. విడి మానిటర్ ఇంకో పావు. ఒక్క మనిషి కోసం రోజంతా గదిని చల్లబరచడం, వెచ్చబరచడం దానికి ఎన్నో రెట్లు అవుతుంది. ప్రయాణ ఖర్చుతో పోల్చేటప్పుడు వేడి నెలలు, చలి నెలలు విడివిడిగా లెక్క వేయండి.

భద్రత గురించి నాలుగు మాటలు: రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఆఫీసు ల్యాప్‌టాప్‌ను పిల్లల ఆటలకు ఇవ్వకండి, లేచిన ప్రతిసారీ తెర లాక్ చేయండి, టీవీ, కెమెరాల్లాంటి వాటిని గెస్ట్ నెట్‌వర్క్‌లోకి (రౌటర్‌లో అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) నెట్టండి.

ఇంట్లో మనుషులు

"ఇంట్లోనే ఉన్నావుగా, కాస్త చూడు" అన్న మాట వినని వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగి ఉండరు. గ్యాస్ వచ్చినా, పార్సిల్ వచ్చినా, చుట్టాలు వచ్చినా లేవాల్సింది మీరే. ఇది ఎక్కువగా ఆడవాళ్ల మీద పడుతుంది. ఉద్యోగంతో పాటు ఇంటి పని మొత్తం వాళ్ల ఖాతాలోకి జారిపోతుంది. మారే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది, మారాక మాట్లాడితే గొడవ అవుతుంది. తలుపు మూసి ఉంటే ఆఫీసులో ఉన్నట్టే, ఓరగా ఉంటే రావచ్చు, ఆ రోజు మీటింగ్ వేళలు తలుపు మీద కాగితంలో ఉంటాయి: ఇంత సూటిగా ఉంటేనే నిలబడుతుంది.

బడికి వెళ్లని వయసు పిల్లల్ని చూసుకుంటూ పూర్తి ఉద్యోగం చేయొచ్చన్న భ్రమ వద్దు. పిల్లలకు దగ్గరగా ఉండటం ఇంటి పనిలో ఉన్న పెద్ద వరమే, కానీ ఆ ఎనిమిది గంటలూ వాళ్లను చూసే ఇంకో మనిషి ఉండి తీరాలి. ఇద్దరు ఉద్యోగులు, ఒకే గది ఉన్న ఇంట్లో ఇద్దరి కాల్స్ ఒకేసారి పడుతున్న గంటలు ఎన్నో వారం క్యాలెండర్లు పక్కపక్కన పెట్టి చూడండి. రోజుకు గంట దాటితే ఒకరైనా కొన్ని రోజులు బయటికి వెళ్లాల్సిందే.

ఒంటరిగా ఉండేవాళ్ల సమస్య వేరు. ఇంట్లో ప్రశాంతత ఉంటుంది, రోజంతా ఒక్క మనిషితోనూ నేరుగా మాట్లాడకుండా గడిచిపోతుంది. సీట్రిప్‌లో తిరిగొచ్చినవాళ్లను గుర్తుచేసుకోండి. ఒంటరిగా ఉండేవాళ్లకు మేం పూర్తిగా ఇంటి నుంచి పనిని సిఫారసు చేయం, వారానికి రెండు రోజులైనా మనుషుల మధ్య ఉండాలి. దగ్గర్లో ఆఫీసు లేకపోతే కోవర్కింగ్ చోటు, అంటే వేర్వేరు సంస్థలవాళ్లు అద్దెకు కూర్చుని పని చేసుకునే ఉమ్మడి ఆఫీసు, పనికొస్తుంది. అక్కడ ఫోన్ మాట్లాడుకోవడానికి మూసిన గదులు ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోండి.

కొత్తగా చేరినవాళ్లకు ఆఫీసే

ఇక్కడ మా అభిప్రాయం గట్టిది. ఉద్యోగంలో మొదటి ఏడాది, రెండేళ్లు వీలైనన్ని రోజులు ఆఫీసుకు వెళ్లండి. అనుభవజ్ఞుడు కస్టమర్‌తో ఫోన్‌లో ఎలా మాట్లాడాడు, సీనియర్ ఒక తప్పును ఏ దారిలో వెతికి పట్టుకుంది అన్నవి ఏ ట్రైనింగ్ స్లయిడ్‌లోనూ ఉండవు, పక్కన కూర్చుంటే కళ్లబడతాయి. ఇంట్లో ఉన్న కొత్తవాళ్లు చిన్న సందేహానికి మెసేజ్ పెట్టాలా వద్దా అని గంటసేపు తటపటాయిస్తారు. ఆఫీసులో అది తల తిప్పి అడిగే పని.

2020 మొదటి ఆరు నెలల్లో అమెరికాలోని 61 వేల మంది మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సంభాషణల తీరును పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే వైపు చూపుతుంది. అందరూ ఇంటికి మారాక జట్ల మధ్య వారధులు తగ్గాయి, ఎవరి గూట్లో వాళ్లు ఉండిపోయారు. పాత పరిచయాలతో పని నెట్టుకురావచ్చు, కొత్తవాళ్లకు ఆ పాత పరిచయాలే ఉండవు. సీనియర్లకు ఇల్లు హాయి, కానీ వాళ్లంతా ఇంట్లో ఉంటే కొత్తవాళ్లు ఆఫీసుకు వచ్చీ ఉపయోగం ఉండదు.

ఇంటి నుంచే చేయాల్సి వస్తే మీ పని కనపడే ఏర్పాటు మీరే చేసుకోవాలి. ప్రతి శుక్రవారం మేనేజర్‌కు మూడు వాక్యాలు: ఏం పూర్తయింది, ఏది ఎక్కడ ఆగింది, ఎవరి నుంచి ఏ నిర్ణయం కావాలి. గొప్పలు అక్కర్లేదు. ఏడాది చివర మదింపు రాసేటప్పుడు ఈ యాభై మెయిల్సే మీ సాక్ష్యం.

హైబ్రిడ్ ఎక్కడ చెడుతుంది

ఆఫీసుకు వచ్చి, అక్కడ కూర్చుని, ఇంట్లో ఉన్న జట్టుతో రోజంతా వీడియో కాల్స్ చేయడం కంటే దండగ పని లేదు. ప్రయాణమూ పడింది, మనుషులూ దొరకలేదు. హైబ్రిడ్ ఫలించాలంటే జట్టంతా ఒకే రోజుల్లో రావాలి. ఆ రోజుల్లో చర్చలు, సమీక్షలు, కొత్తవాళ్లకు నేర్పడం పెట్టుకుని, ఒంటరి పనులు ఇంటి రోజులకు నెట్టాలి. సంస్థ రోజులు ఎవరికి వాళ్లకు వదిలేస్తే జట్టులో మీరే ఈ ప్రతిపాదన పెట్టండి.

సగం మంది గదిలో, సగం మంది తెర మీద ఉన్న మీటింగులో ప్రతిధ్వని రావడానికి కారణం ఒకే గదిలో రెండు మూడు మైకులు తెరిచి ఉండటం. గదిలో ఒకే మైకు, ఒకే స్పీకరు ఉంచి మిగతా ల్యాప్‌టాప్‌ల శబ్దం పూర్తిగా ఆపండి. రెండు చోట్లా తిరిగేవాళ్లు చార్జర్లు రెండు సెట్లు ఉంచుకోండి, ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి.

ఒప్పుకునే ముందు

ఏది ఎంచుకున్నా కనీసం మూడు నెలలు పరీక్షగా నడపండి, అంతకు తక్కువైతే మెల్లగా వచ్చే నష్టాలు బయటపడవు. రోజూ నాలుగు విషయాలు రాసుకుంటే చాలు: మొదలైన వేళ, ముగిసిన వేళ, జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిన నిమిషాలు, ఒంట్లో ఎక్కడైనా నొప్పి. మొదటి నెలను మూడో నెలతో పోల్చండి. ముగింపు వేళ గంటకు పైగా జరిగిపోయిందంటే, ఎదురుచూపులు పెరుగుతున్నాయంటే ఒకటి రెండు ఆఫీసు రోజులు కలపాల్సిన సమయం వచ్చింది.

సంస్థతో రాతపూర్వకంగా తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కుర్చీ, మానిటర్, నెట్ ఖర్చు ఎవరిది, ఉద్యోగం మానేస్తే ఆ సామాను ఎవరిది. అందరూ తప్పనిసరిగా అందుబాటులో ఉండాల్సిన వేళలు ఏవి. ఇంట్లో పని చేస్తుండగా దెబ్బ తగిలితే బీమా వర్తిస్తుందా. వేరే రాష్ట్రం నుంచో, వేరే దేశం నుంచో కొన్నాళ్లు పని చేయొచ్చా, ఎందుకంటే పన్ను, వీసా, డేటా నియమాలు అక్కడ మారిపోతాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆఫీసుకు తిరిగి రమ్మంటే ఎన్ని రోజుల గడువు ఇస్తారు. దూరం వెళ్లి ఇల్లు మార్చుకున్నాక ఆ పిలుపు వస్తే ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల బడి మార్చడం మీ మీదే పడుతుంది. ఆ గడువు కాగితం మీద లేకపోతే ఆఫీసుకు దూరంగా ఇంటి ఒప్పందం మీద సంతకం పెట్టకండి.